తామస్ జెఫర్సను చరిత్రము : ఆయన జాబులు

అమెరికా సంయుక్తరాష్ట్రముల స్వాతంత్ర్యప్రకటనమును 1776వ సంవత్సరమున రచించిన తామస్ జెఫర్సనుగారి పేరు విననివారు మన చదువరులలో నుండరు. ఆయన పరిపాలనమును గూర్చిన గ్రంథము లనేకములు కలవు గనుక మే మిచ్చట నాయన జాబులను బట్టియే యాయన చరిత్రమును చెప్పబూనితిమి. ఆయన వ్రాసిన జాబులు రమారమి 19,000. రెండు కలము లొక్కసారి కదలునట్టి యంత్రమును 1804వ సంవత్సరము మొదలుకొని వాడుచు, పంపిన జాబులకు నకళ్లు నిలుపుకొనుచుండెను. న్యాయవాదివృత్తిలో నున్న మాకీ యలవాటు మిక్కిలి మెచ్చదగినదిగా దోచుచున్నది. మనుష్యుని మాటకును చేతకును నెంత దూరమో నకళ్లు దాచవు గదా!

జెఫర్సను 1743వ సంవత్సరము ఏప్రిలు 13వ తేదీని వర్జీనియాలో జన్మించెను. కళాశాలలో చదివి, పిమ్మట జార్జి విత్ అను పండితునియొద్ద న్యాయశాస్త్ర మభ్యసించెను. తండ్రివలన కొందఱు బానిసలును, 1773లో మామగారు చనిపోయినప్పుడు మఱి 135 మందియు, వారితోకూడ పెద్దఋణమును నాయనకు సంక్రమించెను. మతవిషయమున నెవ్వరిని నిర్బంధింపరాదను శాసనము నాయన 1777లో వ్రాయగా, వర్జీనియా సభవా రది 1786లో నంగీకరించిరి. ఆయన కృతులలో మే మిదియే యుత్తమమని యెంతుము. ఆయనయు తన సమాధిమీద దీనిని చెక్కింపుమని వ్రాసిపెట్టి, తాను దేశాధ్యక్షుడైన సంగతిని విడిచిపెట్టెను.

ప్రకటనమును సిద్ధపఱచుట కేర్పడిన యైదుగురిలో మసాచుసెట్సు న్యాయవాది జాన్ ఆడమ్సు ఒకడు. వీరిరువురును ప్రాణస్నేహితులై యుండి, పక్షభేదములచేత విరోధులైరి. 1800లో జరిగిన యెన్నికలో నోడిన ఆడమ్సు, జెఫర్సను పదవి స్వీకరించు దినమున తెల్లవాఱకమునుపే రాజధాని విడిచిపోయెను. 1804లో జెఫర్సను చిన్నకూతురు చనిపోగా, ఆ బిడ్డను పూర్వము ముద్దుచేసిన ఆడమ్సు భార్య యబిగెయిలమ్మ పరామర్శజాబు వ్రాసెను. కాని పాతకక్షలు మరల తలయెత్తి యా జాబులును నిలిచిపోయెను. తుదకు బెంజమిన్ రష్ అను వైద్యు డిరువురకును పలుమారు వ్రాసి వారి మనస్సులను మెత్తపఱచెను. 1812 జనవరి 1వ తేదీని ఆడమ్సు, ఇంటనేసిన గుడ్డముక్కలు రెండు పంపుచున్నానని చమత్కారముగా వ్రాసెను. జెఫర్సను దానిని నిజముగా నెంచి, తమసీమలో నూలు వడకుటను గూర్చియు నేతనుగూర్చియు సవిస్తరముగా బదులు వ్రాసెను. పిదప మూట వచ్చి విప్పిచూడగా, నవి ఆడమ్సు కుమారుని యుపన్యాసగ్రంథములు రెండు! అది మొదలు పదునాలుగేండ్లలో వారి నడుమ 158 జాబులు నడిచెను. అందు 109 ఆడమ్సువే. 1818లో నబిగెయిలమ్మ మరణింపగా, భార్యను, నార్గురు బిడ్డలలో నైదుగురిని పోగొట్టుకొనిన జెఫర్సను వ్రాసిన యోదార్పుజాబు చదివి కన్నీరు పెట్టనివా రరుదు.

ఇరువురును త్రిమూర్తివాదమును త్రోసివేసి యేకేశ్వరుని నమ్మినవారు. జెఫర్సను క్రొత్తనిబంధనములోని మహిమలను విడిచి, యేసు నీతివాక్యములను నాలుగు భాషలలో కత్తిరించి యొక పుస్తకమున నంటించి 1820 ప్రాంతమున ముగించెను. మన రామమోహనరాయలవారు కలకత్తాలో నిట్టి సంగ్రహమునే ప్రకటించినదియు 1820లోనే. కాని రాయలవారు శ్రీరామపురము మిషనరీలతో మూడు ప్రత్యుత్తరగ్రంథములదాక వాదము నడపిరి. జెఫర్సను పుస్తకమో, ఆయన బ్రతికియుండగా నచ్చుపడనే లేదు. 1904లో గాని కాంగ్రెసువారు దానిని ముద్రింపలేదు.

బానిసత్వవిషయమున నీ సంకోచ మింకను కఠినఫలముల నిచ్చెను. 1814లో ఎడ్వర్డు కోల్సు అను ఇరువదియేడేండ్ల యువకుడు, తానును బానిసల యజమాను డయ్యు, విమోచనకార్యమునకు నాయకత్వము వహింపుమని జెఫర్సనును వేడెను. ఆయన బానిసత్వ మన్యాయమని యొప్పుకొనుచునే, తాను వృద్ధుడననియు, నది పిన్నవారి పనియనియు, కోల్సు తన బానిసలను విడిచి పోవలదనియు వ్రాసెను. బెంజమిన్ ఫ్రాంక్లిను ముదిమిలోనే యీ పనికి పూనుకొనెనని కోల్సు వినయముతో జ్ఞాపకము చేసెను. 1782 శాసనముచొప్పున వర్జీనియాలో యజమానుడు బానిసలకు విముక్తి నీయవచ్చును. 1806 శాసనముచే నట్లు విడుదల పొందినవా రేడాదిలో రాష్ట్రము విడువవలెను. చట్టము చిక్కు పెట్టినదేకాని త్రోవ మూయలేదు. కోల్సు 1819లో తనవారిని పడవలమీద నొహైయోనదిపై గొనిపోయి, నడియేటిలో వారికి స్వాతంత్ర్యము నొసగి, యిల్లినాయిసులో కుటుంబమునకు 160 యకరముల చొప్పున భూమి నిచ్చెను. ఆ రాష్ట్రమునకు గవర్నరై, బానిసత్వమును తెచ్చుటకై జరిగిన యత్నమును 1824లో నోడించెను.

ప్రకటనమునకు సరిగా నేబదియేండ్లు నిండిన 1826 జూలై 4వ తేదీని జెఫర్సనును, ఆడమ్సును ఒకే దినమున గతించిరి. జెఫర్సను ఋణము లక్షడాలర్లకు మించెను. ఆయన మరణశాసనముచే విడుదలయైనవా రైదుగురు. 1827 జనవరిలో 130 మంది నింటియెదుట వేలమున కెక్కించిరి. ఆ యైదుగురిలో నొకడైన కమ్మరి జోసెఫ్ ఫాసెట్టునకు తాను స్వతంత్రుడు కానున్నా డన్న యానందము నిలువలేదు. భార్యయు బిడ్డలును వేలములో వేఱువేఱు కొనుగోలుదారుల పాలయిరి. తరువాత నతడు కష్టించి కొందఱిని తానే కొని విడిపించుకొనెను. కోల్సు 1868వఱకు బ్రతికి, దేశమంతట బానిసత్వమును రద్దుచేసిన 1865 శాసనమును కన్నులార జూచెను.