హార్లీ ఎర్ల్: కారుకు రెక్కలు తొడిగిన మనిషి

యుద్ధం కారణంగా 1942 ఆరంభంలో అమెరికాలో ప్రజలకు అమ్మే కార్ల తయారీ ఆగిపోయింది. శాంతి వచ్చాక కంపెనీలు పాత నమూనాలకే మెరుగులు దిద్ది అమ్ముకున్నాయి. కొత్త కారు ఎలా కనిపించాలన్న అసలు పోటీ ఆ తర్వాతే మొదలైంది. ఆ పోటీని శాసించినవారు జనరల్ మోటార్స్ స్టైలింగ్ అధిపతి హార్లీ ఎర్ల్.

ఎర్ల్ 1893లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. తండ్రి గుర్రపు బగ్గీలు తయారు చేసేవారు. కొడుకు హాలీవుడ్ తారలు కోరిన తీరులో కార్ల బాడీలు చేయించి పేరు తెచ్చుకున్నారు. 1927 నాటి లాసాల్ కారు రూపం నచ్చి, జనరల్ మోటార్స్ అధిపతి ఆల్‌ఫ్రెడ్ స్లోన్ ఆయన కోసం ప్రత్యేక విభాగమే ఏర్పాటు చేశారు. అంతవరకు కారు రూపం చాలావరకు ఇంజనీర్ల చేతిలో ఉండేది. ఎర్ల్ బంకమట్టి నమూనాలతో కారును శిల్పంలా మలిచారు.

యుద్ధానంతరం తలా ఒక దారి పట్టారు. 1947 స్టూడీబేకర్ కూపేకి వెనుక అద్దం పక్కల దాకా చుట్టుకుంది. 1949 ఫోర్డ్ మడ్‌గార్డులను బాడీలో కలిపేసి నున్నటి పక్కలతో వచ్చింది. టోపీ పెట్టుకుని కూర్చున్నా తల తగలకూడదని క్రైస్లర్ అధిపతి కె.టి. కెల్లర్ పట్టుబట్టడంతో ఆ కంపెనీ కార్లు ఎత్తయిన పెట్టెల్లా మిగిలాయి. ఎర్ల్ మాత్రం పొడవు పెంచి, ఎత్తు తగ్గించారు. లాక్‌హీడ్ పి-38 యుద్ధ విమానం జంట తోకలు చూసి పుట్టిన ఆలోచనతో 1948 కాడిలాక్‌కు చిన్న రెక్కలు మొలిచాయి.

ఏటా రూపం మారిస్తే పాత కారు యజమానికి అసంతృప్తి పుడుతుందన్నది ఆ వ్యాపార సూత్రం. చివరికి అదే సూత్రం ఆయనకూ ఎదురుతిరిగింది. వర్జిల్ ఎక్స్‌నర్ రూపొందించిన 1957 క్రైస్లర్ కార్ల పక్కన జనరల్ మోటార్స్ బళ్లు బరువుగా, పాతగా కనిపించాయి. సహచరులే ఎర్ల్ గీయించిన నమూనాలను పక్కనపెట్టి కొత్తవి మొదలుపెట్టారు. 1958లో ఆయన పదవీ విరమణ చేశారు. మరుసటి ఏడాది కాడిలాక్ రెక్కలు అత్యధిక ఎత్తుకు చేరి, ఆపై తగ్గుతూ పోయాయి.

1965లో రాల్ఫ్ నాడర్ పుస్తకం, భద్రతను వెనక్కి నెట్టి సొగసుకు పీట వేశారని కార్ల కంపెనీలను నిలదీసింది. ఎర్ల్ 1969లో మరణించారు. కారును అవసరం నుంచి ఆశగా మార్చిన ఘనత ఆయనదే, ఆ ఆశకు హద్దు లేకుండా చేసిన బాధ్యతా ఆయనదే.