సగటుకు ఆవల సత్యం – మహలనోబిస్

భారతదేశంలో గణాంకశాస్త్రానికి పునాది వేసిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1893 జూన్ 29న కలకత్తాలో జన్మించారు. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం అభ్యసించి, ఉన్నతవిద్యకై కేంబ్రిడ్జి వెళ్ళారు. 1915లో స్వదేశానికి బయలుదేరే వేళ ప్రపంచయుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఆ విరామంలో ‘బయోమెట్రికా’ అనే పత్రిక సంపుటాలు ఆయన కంటబడ్డాయి. వాటిని కొని, ఓడలోనే చదవసాగారు. ఆయన జీవితం అక్కడ మలుపు తిరిగింది. కలకత్తాలో భౌతికశాస్త్రం బోధిస్తూనే గణాంక పరిశోధనకు పూనుకొన్నారు.

సగటు మాత్రమే చూచి నిర్ణయానికి రారాదని ఆ శాస్త్రం బోధిస్తుంది. చివ్వెంల వంటి వరి పండే ఊరిలో ఇద్దరు రైతులున్నారనుకొందాం. మొదటివానికి మూడేళ్ళలో ఎకరాకు 20, 20, 20 బస్తాలు పండాయి. రెండవవానికి 5, 15, 40 బస్తాలు పండాయి. ఇద్దరికీ సగటు 20 బస్తాలే. కాని 5 బస్తాలు పండిన ఏడు రెండవ రైతు పడిన పాట్లు ఆ సగటులో కానరావు. విలువలు సగటునుండి ఎంతగా చెదిరి ఉన్నాయో తెలిపేది విచలనం. 1936లో మహలనోబిస్ రెండు సమూహాల భేదాన్ని, సగటుల తేడాతోపాటు విచలనాన్నీ, కొలతల పరస్పర సంబంధాన్నీ గణించి కొలిచే సూత్రాన్ని వివరించారు. అదే ‘మహలనోబిస్ దూరం’గా ప్రసిద్ధి చెందింది.

ఆయన శాస్త్రం ప్రజల కడగండ్లకు దూరంగా నిలువలేదు. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణీ నది పొంగింది. నదీగర్భం మెరక తేలిందని, గట్లు ఎత్తు చేయాలని ఇంజనీర్లు భావించారు. మహలనోబిస్ దాదాపు 60 ఏళ్ళ లెక్కలు పరిశీలించి, అడుగు చెప్పుకోదగినంతగా పెరగలేదని, ఎగువన ఆనకట్టలే శరణ్యమని తేల్చారు.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు. కాని పల్లెలన్నీ కుండలోని మెతుకులవలె ఒక్క తీరున ఉండవు. వ్యత్యాసం హెచ్చినకొద్దీ నమూనాలూ హెచ్చాలి. వాటిని పక్షపాతం లేకుండా ఎన్నుకోవాలి. ఈ పద్ధతితో ఆయన బెంగాల్‌లో జనపనార సాగును అంచనా వేశారు. 1950లో జాతీయ నమూనా సర్వేకు రూపమిచ్చారు.

1931లో ఆయన స్థాపించిన భారత గణాంక సంస్థ ఎందరో మేధావులను తీర్చిదిద్దింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో అక్కడ చేరి, విశ్వవిఖ్యాతి గడించారు.

1968లో పద్మవిభూషణ్ పొందిన మహలనోబిస్ 1972 జూన్ 28న కన్నుమూశారు. ఆయన జన్మదినాన్ని 2007 నుండి జాతీయ గణాంక దినోత్సవంగా జరుపుకొంటున్నారు. ప్రతి అంకె వెనుక ఒక మనిషి ఉన్నాడని గుర్తించడమే ఆయన జీవితం అందించే సందేశం.