టస్కీగీ బొమ్మ చెప్పని ముచ్చట

అమెరికాల అలబామా రాష్ట్రంల టస్కీగీ అనే చిన్న ఊరున్నది. ఆ ఊర్ల నల్లజాతోళ్ల కోసం పెట్టిన కాలేజీ ఒకటున్నది, ఇప్పుడది యూనివర్సిటీ. దాంట్ల ఒక కంచు విగ్రహం. సూటేసుకున్న మనిషి నిలవడి, కింద కూసున్న నల్లమనిషి మీది ముసుగు పట్టుకొని ఉంటడు. కూసున్నోడు కమ్మరోళ్ల దాగలి మీద కూసున్నడు, పక్కన నాగలి, ఒళ్లె తెరిచిన పుస్తకం. నిలవడ్డాయన బుకర్ టి. వాషింగ్టన్. 1922ల చార్లెస్ కెక్ అనే శిల్పి చేసిండు. తన జనం మీదికెల్లి అజ్ఞానపు ముసుగు తీసిండని కింద చెక్కి ఉంటది.

గీ బొమ్మ గురించి ఎందుకు రాస్తున్నంటే, ఇయ్యాల మన ఊర్లల్ల ఇంటర్ అయిపోంగనే పోరలకు అందరు చెప్పేది ఒక్కటే. పెద్ద సదువులెందుకురా, చేతిపని నేర్చుకో, నాలుగు పైసలు సంపాయించు, రాజకీయాలు నీకెందుకు. గీ రెండు మాటలు కలిపి చెప్పినోళ్లల్ల బుకర్ శానా పెద్దోడు. ఆయన బతుకు తెలిస్తెనే ఆ మాట బరువెంతో తెలుస్తది.

1856ల వర్జీనియాల బానిస బిడ్డగ పుట్టిండు. తల్లి జేన్ దొర ఇంట్ల వంటమనిషి. తండ్రి ఎవరో తెల్లాయన, ఆ పిలగానికి ఎన్నడు తెలువలే. 1861ల దొర సచ్చిపోతే ఆస్తి లెక్క రాసిన్రు. ఆ కాయితంల పిలగాని పేరు గూడ ఉన్నది, ధర 400 డాలర్లు. 1865ల విడుదలైనంక వెస్ట్ వర్జీనియాల మాల్డెన్‌కు పోయిన్రు. అక్కడ ఉప్పు బట్టీలల్ల, తర్వాత బొగ్గు గనులల్ల పని. బడికి పోతే ఇంటిపేరు చెప్పుమన్నరు. లేని ఇంటిపేరు ఎక్కడికెల్లి చెప్తడు? అక్కడికక్కడ వాషింగ్టన్ అని పెట్టుకున్నడు.

1872ల హాంప్టన్ బడికి బయలెల్లిండు. సుమారు 500 మైళ్ల తొవ్వని ఆయననే రాసుకున్నడు. కొంత బండి మీద, మస్తు దూరం నడిచి. రిచ్‌మండ్ పట్నంల చెక్క ఫుట్‌పాత్ కింద పన్నడు, పొద్దుగాల ఓడ సరుకు దించి కూలి తీసుకున్నడు. బడికి చేరేసరికి జేబుల 50 సెంట్లు మిగిలినయ్. బట్టలు మాసి, మనిషి బక్కసిక్కి ఉన్నడు. టీచరమ్మ ప్రశ్నలేమి అడగలే, ఒక గది ఊడ్వుమన్నది. మూడుసార్లు ఊడ్చిండు, నాలుగుసార్లు దుమ్ము తుడిచిండు. ఆమె రుమాలు తీసి చెక్కలను రాసి చూసింది, మరక కానరాలే. గదే ఆయన ప్రవేశ పరీక్ష.

ఇగ టస్కీగీ సంగతి. ఈ బడి ఎవరో ధర్మం చేస్తే రాలే, ఓటుతోని వచ్చింది. ఆ ఊర్ల లూయిస్ ఆడమ్స్ అని రేకుల పనిచేసే నల్లాయన ఉండె, ఆయన గూడ ఒకప్పుడు బానిసనే. 1880 ఎన్నికలల్ల తెల్ల నాయకుడొకాయన వచ్చి నల్లోళ్ల ఓట్లు ఇప్పియ్యమన్నడు. ఇప్పిస్త గని మా పిల్లలకు బడి గావాలె అన్నడు ఆడమ్స్. గెలిచినంక ఏడాదికి 2000 డాలర్లు మంజూరైనయ్. అవిగూడ పంతుళ్ల జీతాలకే. జాగకు, ఇల్లుకు పైస లేదు. 1881 జులై 4న బుకర్ 30 మంది పిల్లలతోని చర్చి పక్కన పాత గుడిసెల బడి మొదలుపెట్టిండు. వాన పడితే ఒక పిలగాడు పాఠం ఇడిసిపెట్టి సారుకు గొడుగు పట్టేటోడు.

తర్వాత పాడుపడ్డ ఒక దొర తోట దొరికింది, 100 ఎకరాలు, 500 డాలర్లు. సగం పైసలు హాంప్టన్ ఖజాంచి దగ్గర అప్పు తెచ్చిండు. దొర బంగ్లా ఎన్నడో కాలిపోయింది. మిగిలినయి వంటిల్లు, గుర్రాల కొట్టం, కోళ్ల గూడు అసుంటియి. వాటినే కడిగి పాఠాలు చెప్పిన్రు.

ఇల్లు కట్టాలంటే ఇటుక గావాలె, ఊర్ల బట్టీ లేదు. పిల్లలతోనే మొదలుపెట్టిచ్చిండు. మోకాళ్ల దాక బురద, సదువుకోను వచ్చినోళ్లకు గీ పనేంది అని కొందరు వెళ్లిపోయిన్రు గూడ. మొదటి బట్టీ 25,000 ఇటుకలు, సరింగ కాలక పాడైంది. రెండోది గంతే. మూడోది వారం దినాలు కాలుతుంటే ఇగ అయితదనుకున్నరు, రాత్రిపూట కూలింది. మన దిక్కు బట్టీ కాడ పనిచేసినోళ్లను అడగండి, లోపల మంట సమంగ పోనిచ్చుడు అంత అల్కటి పని గాదు. పైసలు ఒడిసినయ్. బుకర్ మాంట్‌గోమరీకి పోయి తన గడియారం 15 డాలర్లకు కుదవ పెట్టిండు. నాలుగో బట్టీ నిలిచింది. గడియారం మాత్రం విడిపియ్యలేకపోయిండు. ఇరవై ఏండ్లల్ల ఆ పిల్లలు ఒక సీజన్‌కు 12 లక్షల ఇటుకలు తీసిన్రు. అక్కడి పాత బిల్డింగులు, ఆయన సొంత ఇల్లు 'ది ఓక్స్' గూడ, విద్యార్థుల చేతి ఇటుకలే.

గని ఇటుకలు పేర్చెటందుకు ప్లాన్ గీసినోడెవరు? రాబర్ట్ టేలర్. ఎంఐటీల ఆర్కిటెక్చర్ పట్టా తీసుకున్న మొదటి నల్లజాతాయన. 1896ల పంట చేన్ల సైన్సు చెప్పను వచ్చిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ గూడ పెద్ద సదువు సదివినోడే. చేతిపని చాలని చెప్పిన బడిని నిలబెట్టింది పెద్ద సదువులోళ్లే.

1895ల అట్లాంటాల బుకర్ ఉపన్యాసమిచ్చిండు. పనిల కలిసుందాం, సమాజంల యేరుగ ఉన్నా నడుస్తది, హక్కుల కొట్లాట ఇప్పుడొద్దు అని సారం. తెల్లోళ్లు చప్పట్లు కొట్టిన్రు, చందాలిచ్చిన్రు. 1901ల అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బువ్వకు పిలిచిండు. అదే ఏడాది అలబామా కొత్త రాజ్యాంగం రాసుకొని నల్లోళ్ల ఓట్లు పీకేసింది. ఏ ఓటుతోని బడి వచ్చిందో ఆ ఓటే పోయింది. 1903ల డుబాయిస్ పుస్తకం రాసి నిలదీసిండు. ఓటు ఇడిసిపెట్టి, ఉన్నత సదువు ఇడిసిపెట్టి ఏం కాపాడుకుంటం అన్నడు. నేను డుబాయిస్ దిక్కే. గని బుకర్‌ను పిరికోడంటే ఒప్పుకోను. పైకి గట్ల మాట్లాడుకుంటనే, ఓటు హక్కు కోసం కోర్టుకెక్కిన గైల్స్ కేసుకు ఎవరికి తెలువకుండ పైసలిచ్చిండు. మన దేశంల గూడ ఇద్దరు ఈ ఇద్దరి దిక్కు చూసిన్రు. గాంధీ 1903ల తన పత్రికల బుకర్‌ను మెచ్చుకుంట రాసిండు. అంబేద్కర్ 1946ల డుబాయిస్‌కు ఉత్తరం రాసిండు.

1915 నవంబర్ 14న బుకర్ సచ్చిపోయిండు. సమాధి ఆ క్యాంపస్‌లనే, పక్కన కార్వర్‌ది. 1930లల్ల అక్కడ సదివిన రాల్ఫ్ ఎల్లిసన్ తర్వాత ఒక నవల రాసిండు. దాంట్ల గిసుంటి బొమ్మనే చూసి, ముసుగు తీస్తున్నడా, ఇంకింత కిందికి దించుతున్నడా అని ఒక పిలగానికి అనుమానమొస్తది. ఫోటోల ఎంతసేపు చూసినా నాకు గూడ తెగలే.

అదే ఊరి నడిమిట్ల ఇంకో బొమ్మ ఉన్నది. బానిసత్వం ఉంచాలని కొట్లాడిన కాన్ఫెడరేట్ సైనికునిది. 1966 జనవరిల శామీ యంగ్ అనే టస్కీగీ విద్యార్థిని, తెల్లోళ్ల బాత్రూం వాడుకోవోతే పెట్రోల్ బంకు కాడ కాల్చి సంపిన్రు. నేవీల పనిచేసి వచ్చిన పోరడు. సంపినోన్ని అందరు తెల్లోళ్లే ఉన్న జ్యూరీ ఇడిసిపెట్టింది. విద్యార్థులు రాత్రిపూట ఊర్లకు పోయి ఆ సైనికుని బొమ్మకు నల్ల రంగు పూసిన్రు. అదే ఏడాది నవంబర్ల, ఓట్లు మళ్ల చేతికొచ్చిన ఆ జిల్లా జనం లూషియస్ ఆమర్సన్ అనే నల్లాయనను షెరీఫ్‌గ గెలిపిచ్చుకున్నరు.