గోదావరిని చిత్రించిన దామెర్ల రామారావుగారు

(ధ్యానమునకు: నిర్గమకాండము 31వ అధ్యాయము, 1 నుండి 6 వచనములు)



బెసలేలును గూర్చి చదువునప్పుడెల్ల నాకు మన తెలుగుదేశపు చిత్రకారుడొకడు జ్ఞాపకమునకు వచ్చును. ఆయన దామెర్ల రామారావుగారు. ఆయన మన సంఘస్థుడు కాడు. పురాణ కథలను చిత్రించినవాడు. అయినను మన క్రైస్తవ గృహములు ఆలోచింపదగిన సంగతి ఆయన జీవితములో ఉన్నది.

ఆయన 1897 మార్చి 8న రాజమహేంద్రవరములో జన్మించెను. బాల్యమునుండి ఆయన మనస్సు బొమ్మలమీదనే. ఇట్టి పిల్లవానికి మన ఇండ్లలో ఏమి దొరకునో మీకు తెలియును: చీవాట్లు. అయితే ఆ దినములలో ఆ ఊరి ఆర్ట్స్ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా ఉండెను. తానును చిత్రములు వ్రాయువాడు గనుక ఆ బాలుని చేతిలోని వరమును గుర్తుపట్టెను. మెచ్చుకొని ఊరకుండలేదు. బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించి, ఖర్చులకును చేయి అందించెను. బర్నబా తార్సునకు వెళ్లి సౌలును వెదకి తోడుకొనివచ్చిన సంగతి మనకు తెలిసినదే. అట్టి కన్ను గల ఉపాధ్యాయుడు ఊరికి ఒక్కడున్నను చాలును. అడివి బాపిరాజుగారును ఈ దొరగారి శిష్యుడే. ఆయన తరువాత మన బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రకళ అభ్యసించెను.

చదువు ముగించుకొని రామారావుగారు స్వస్థలమునకు తిరిగివచ్చిరి. తూర్పు కనుమల నడుమ ప్రవహించు గోదావరిని నీటిరంగులతో చిత్రించిరి. ఋష్యశృంగుని కథపై వ్రాసిన చిత్రమునకు 1922లో కలకత్తా ప్రదర్శనములో బహుమానము లభించెను. 1924లో ఇంగ్లండులోని వెంబ్లీ ప్రదర్శనమునకును ఆయన పని వెళ్లెను. పేరు వచ్చినదని ఆయన పట్టణములకు పోలేదు. తన ఊరిలోనే చిత్రకళాశాల పెట్టి పిల్లలకు నేర్పిరి.

బొమ్మలు వేయుట పాపము కాదా అని మన సంఘములలో కొందరు పెద్దలు అడుగుదురు. రెండవ ఆజ్ఞ విగ్రహమును పూజించుటను నిషేధించినది. ఆ ఆజ్ఞ ఉన్న నిర్గమకాండములోనే దీపవృక్షమునకు బాదము పువ్వుల రూపములును, అహరోను అంగీ అంచున దానిమ్మపండ్లును చేయవలెనని దేవుడు సెలవిచ్చెను. బాదము పువ్వును దగ్గరగా చూడనివాడు దానిని బంగారములో ఎట్లు చేయగలడు? అడవిపువ్వులను గమనించుమని మన ప్రభువును శిష్యులకు నేర్పెను. సొలొమోను మందిరపు ఇత్తడి పనికి తూరునుండి హీరామును పిలిపించెను. అతని తల్లి నఫ్తాలి గోత్రపు విధవరాలు, తండ్రి తూరువాడు (1 రాజులు 7:13, 14). దేవుడిచ్చిన నేర్పు మన సంఘము గోడలలోపలనే ఉన్నదనుకొనుట, నా మట్టుకు నాకు, అంత వాక్యానుసారముగా తోచదు.

రామారావుగారి ఇంటిలో మరియొక విశేషము కలదు. ఆయన భార్య సత్యవాణిగారును, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణులే. వంద సంవత్సరముల క్రిందట, స్త్రీలకు అక్షరములు నేర్పుటకే జంకిన కాలములో, ఆ ఇంటి ఆడవారు కుంచె పట్టిరి. మన ఇండ్లలో ఆడపిల్ల ముగ్గు వేయుటకు తప్ప చేయి చాపనిచ్చుచున్నామా?

1925 ఫిబ్రవరి 6న మశూచికము ఆయనను తీసికొనిపోయెను. ఇరువది యెనిమిది సంవత్సరములు నిండలేదు. ఆ వ్యాధి భూమిమీద ఇక లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించెను. ఆ దినములలో అయితే అది గుడిసె అనక మేడ అనక ప్రవేశించుచుండెడిది. ఆయన సహచరుడు వరదా వెంకటరత్నముగారు ఆ చిత్రకళాశాలను పడిపోనీయక నడిపించిరి.

రాజమహేంద్రవరములో రామారావుగారి పేర చిత్రశాల కలదు. ఆ వైపు బంధువుల ఇండ్లకు వెళ్లువారు పిల్లలను వెంటబెట్టుకొని పోయి చూపవచ్చును. ఆయన చిత్రములతోపాటు ఆ ఇంటి ఆడవారు వ్రాసినవియు అక్కడ ఉన్నవి.