‘ప్రజల మనిషి’ వెనుక వట్టికోట

నిజాము రాజ్యములో తెలుగు పుస్తకము కంటబడుటే అరుదైన రోజులవి. బడిలో చదువు ఉర్దూలో. ఇంటిలో మాట తెలుగులో. అటువంటి కాలమున పుస్తకాల మూట భుజాన వేసికొని ఊరూరా తిరిగిన మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. తన నవల పాఠకుల చేతికి వచ్చుటకు ముందు ఇతరుల రచనలను అచ్చువేయుటకు, మోయుటకు, అమ్ముటకు ఆయన యౌవనము చాలవరకు ఖర్చయినది.

1915లో నల్లగొండ జిల్లా చెరువు మాదారములో పేద కుటుంబమున జన్మించినారు. చిన్ననాడే తండ్రి పోయినాడు. ఒక ఉపాధ్యాయుని యింట వంట చేసిపెట్టుచు చదువు నేర్చినారు. పొయ్యి ముందు కూర్చుండి అక్షరాలు దిద్దుకొన్నవానికి పుస్తకము విలువ వేరుగా తెలియును గదా! తరువాత హోటలులో పని చేసినారు. సురవరం ప్రతాపరెడ్డిగారి ‘గోలకొండ’ పత్రికలో ప్రూఫులు దిద్దినారు.

1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించినారు. చేతిలో మూలధనము లేదు. అయినను ముప్పదికి పైగా గ్రంథములు వెలువడినవి. అచ్చయిన పుస్తకమును అంగడిలో పెట్టి పాఠకుని కొరకు ఎదురుచూడలేదు. పాఠకుడున్న చోటికి తామే నడచినారు. ఆంధ్రమహాసభ పనిలో, ఉద్యమములో తిరుగుచు పల్లెలను చూచినారు. వెట్టిచాకిరి, దొరల గడీలు, భూమి పోగొట్టుకొన్న రైతులు, అన్నియు ఆ ప్రయాణములలో కంటబడినవే.

ఆ దారి జైలుకును చేరినది. నిజామాబాదు జైలులో దాశరథి ఆయనకు తోడు. తన ‘అగ్నిధార’ను ఆ కవి ఆళ్వారుస్వామికే అంకితమిచ్చినారు. ఆళ్వారుస్వామి అక్కడ చూచిన ఖైదీల బ్రతుకులు ‘జైలు లోపల’ కథలైనవి.

1955లో ‘ప్రజల మనిషి’ వెలువడినది. అప్పటికి ఆయనకు నలువది యేండ్లు. 1940కి ముందటి తెలంగాణ పల్లె అందులో నిలిచియున్నది. ఒకవైపు దొర రామభూపాలరావు, మరొకవైపు అర్చక కుటుంబములో పుట్టి ప్రజల పక్షమున నిలిచిన కంఠీరవము. కొన్ని చోట్ల కథ ఆగి చర్చ సాగును. ఆ దోషము దాచనక్కరలేదు. కాని వెట్టివాని భయమును, తెగింపును దగ్గరనుండి చూచినవాడు తప్ప అట్లు వ్రాయలేడు. పండితుల పలుకుబడికొరకు వెదుకక, అక్కడి మనుష్యుల మాటనే ఆయన కథలోనికి తెచ్చినారు. తెలంగాణ నవల యనగానే నేటికిని మొదట ఈ పుస్తకమునే తలచువారు కలరు.

ఆ కథ అంతటితో ముగియునది కాదు. 1940 తరువాతి యేండ్లను ‘గంగు’లో చెప్పుటకు పూనుకొన్నారు. వ్రాత నడుచుచుండగనే, 1961 ఫిబ్రవరి 5న, నలువదియైదవ యేట ఆయన కన్నుమూసినారు. ఎందరి పుస్తకములనో పూర్తిగా అచ్చువేయించిన ఆయన రెండవ నవల అసంపూర్ణముగనే అచ్చయినది.