నేటాలులో గురి తప్పని మంద: జాన్ రంగయ్య గారి జీవితము



వలస వచ్చిన ఊరిలో మనకు మొదట కావలసినవి పని, ఇల్లు, పిల్లలకు బడి. అవి కుదుటపడేలోగా ఆదివారములు ఒకటొకటిగా జారిపోతాయి. దేవుణ్ణి విడిచిపెట్టాలని ఎవరూ అనుకోరు. అయినా కొన్నేళ్ళకు వెనుదిరిగి చూస్తే చాలా దూరము వచ్చేసి ఉంటాము. మంసాపురములోను, రాజపాళయము చుట్టుప్రక్కలను ఉన్న మన కుటుంబములకు ఇది తెలిసిన సంగతే. అందుకే మనకంటే దూరము వలసపోయిన వారిని మేపిన జాన్ రంగయ్య గారిని ఈసారి జ్ఞాపకము చేసికొందాము.

రంగయ్య గారు 1866లో పుట్టారు. నెల్లూరులో 1840లో ఆరంభమైన అమెరికన్ బాప్టిస్టు మిషనుకు అప్పటికి గుప్పెడు మంది విశ్వాసులే ఉన్నారు. ఆయన బాల్యము ముగియకముందే, మహాకరవు తరువాత, 1878 జూలై 3న ఒంగోలు వైపు వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఆ కాలములోనే మన జనులు మద్రాసులో ఓడ ఎక్కి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పోతున్నారు. మొదటి ఓడ 1860 నవంబరు 16న డర్బను చేరింది. 1911లో ఆ వలస ఆగేసరికి 1,52,184 మంది వెళ్ళారు. అయిదేండ్ల ఒప్పందము, చెరకు తోటలలోను తేయాకు తోటలలోను కూలి. ఒప్పందము తీరినా అక్కడే ఉండదలచిన వారిపై 1895 చట్టము ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేసింది. వారిలోని తెలుగు బాప్టిస్టులకు కాపరి లేడు. తమను మేపేవారిని పంపమని స్వదేశములోని సంఘములకు ఉత్తరములు వ్రాసుకున్నారు.

ఆ పిలుపునకు తెలుగు సంఘముల సొంత హోం మిషనరీ సొసైటీ బదులిచ్చింది. బీద విశ్వాసులు కానుకలు కూర్చి, 1903లో రంగయ్య గారిని పంపారు. దొరల ధనముతో కాదు, తెలుగువారి కానుకలతో తెలుగువాడు సముద్రము దాటాడు. అదే సంవత్సరము డిసెంబరులో కేర్స్నీ తేయాకు తోటలో మొదటి భారతీయ బాప్టిస్టు సంఘము ఏర్పడింది.

చెదరినవారిని వెదకి, కూడుకొనే అలవాటును తిరిగి కలిగించడమే ఆయన పని. తోట నుండి తోటకు వెళ్ళి, వారికి అర్థమయ్యే తెలుగులో వాక్యము బోధించారు. ఒక్కొక్కరి ఉత్సాహము మీద ఆధారపడక, సంఘములు కట్టారు. పన్నెండేండ్ల పరిచర్య తరువాత 1915లో నేటాలులోనే కన్నుమూశారు.

కాపరి పోయాడు, మంద చెదరలేదు. కాలక్రమములో అక్కడి పిల్లలకు తెలుగు జారిపోయి, ఆరాధన ఆంగ్లములోనికి మారింది. మనసుకు కష్టమే. అయితే సంఘము మాత్రము నిలిచింది.

మన పిల్లలు నేడు తమిళములో చదువుకుంటున్నారు. వారికి తెలుగు నేర్పుదాము, అది మన స్వాస్థ్యము. కాని తెలుగు తడబడిన బిడ్డను ఆరాధనకు దూరము చేయవద్దు. అర్థమయ్యే వాక్యము, తప్పని కూడిక, ఒకరి బాగు ఒకరు విచారించడము: రంగయ్య గారు విడిచి వెళ్ళిన గురి ఇదే. ఈ వారము కూడికకు రాని ఒక్క ఇంటి తలుపు తట్టుదాము.