సర్ తామస్ మన్రో చరిత్రము

ఖడ్గబలముచే రాజ్యమును సంపాదింపవచ్చును గాని, ప్రజలను అధికారమునకు దూరముగా నుంచి దానిని చిరకాలము నిలుపుకొనుట యసాధ్యము. ఈ సత్యమును జయించినవారే గ్రహించుట యరుదు. అట్లు గ్రహించిన కొలదిమందిలో సర్ తామస్ మన్రో యొకడు.

ఆయన 1761 మే 27వ తేదీన స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి వర్జీనియాతో పొగాకు వ్యాపారము సేయు వర్తకుడు. తమ ప్రతినిధులు లేని పార్లమెంటు తమపై పన్నులు విధించుట అన్యాయమని అమెరికాలోని 13 వలసరాజ్యములు మొరపెట్టుకొనెను. ఆ మొర వినువారు లేకపోగా, అవి 1775లో ఆయుధములు బట్టి, 1776 జూలై 4న స్వాతంత్ర్యమును ప్రకటించి యొక జాతిగా నేర్పడెను. ఆ యుద్ధముతో వర్జీనియా వర్తకము కూలి, మన్రో కుటుంబము నష్టదారిద్ర్యములపాలయ్యెను. కుమారుడు జీవనార్థము కంపెనీ సైన్యమున జేరి 1780లో చెన్నపట్టణమున దిగెను. 1781లో యార్క్‌టౌనున వాషింగ్టనునకు లొంగిపోయిన కారన్‌వాలిసు ప్రభువే తరువాత నిచ్చటికి వచ్చి టిప్పు సుల్తానుతో బోరగా, మన్రో ఆయన సేనలో బనిచేసెను. ఒక ఖండమున విరిగిన సామ్రాజ్యము మరియొక ఖండమున బెరుగుచుండెను.

1800లో నిజాము కంపెనీకిచ్చిన దత్తమండలములకు మన్రో ప్రధాన కలెక్టరయ్యెను. 1565 యుద్ధానంతరము రాయలకు రాజధానియైన పెనుకొండయు, ధర్మవరము, హిందూపురము ప్రాంతములును వానిలోనివే. అప్పుడీ సీమ పాలెగాండ్ర కలహములచే బాడువడియుండెను. ఆయన పాలెగాండ్రను బలప్రయోగముచే నణచెను. ఆ కాఠిన్యమును కంపెనీ డైరెక్టర్లే యాక్షేపించిరి. పిమ్మట గుడారములలో వసించుచు గ్రామగ్రామము దిరిగి, పొలములను కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించు రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. శిస్తు భారమని యెరిగి 1807లో నూటికి 25 వంతులు తగ్గింపుమని కోరెను. తానే గవర్నరయిన పిదప గాని యా కోరిక నెరవేరలేదు.

ఆయన 1820లో చెన్నపురి రాజధానికి గవర్నరయ్యెను. 1824 డిసెంబరు 31న వ్రాసిన లేఖ్యమున, ఉన్నతోద్యోగములనుండి వెలివేయబడిన జాతి శీలము క్షీణించుననియు, శాంతిభద్రతల నిచ్చి ఆత్మగౌరవమును హరించు పాలన మేలుగాదనియు, ఈ ప్రజలు తమ్ము దాము పాలించుకొనదగిన నాడు ఆంగ్లేయులు అధికారమును వదలుకొనుట యుభయులకు శ్రేయస్కరమనియు దెలిపెను. ఆ యర్హతను నిర్ణయించువారు పాలకులేయను భావము అందు లేకపోలేదు. అయినను పాలనకు అంతమున్నదని యొప్పుకొనుటయే యా కాలమున గొప్ప సాహసము.

1827 జూలై 6న దత్తమండలములను దర్శింపవచ్చి, పత్తికొండయొద్ద విషూచిచే మరణించెను. ఆయనను గుత్తిలో ఖననము చేసిరి. ఈ సీమ ప్రజలు తమ బిడ్డలకు మన్రోలప్పయని పేరిడుకొనిరి.

ఆయన యుపదేశమును పాలకులు చాలకాలము పెడచెవిని బెట్టిరి. జాతీయోద్యమము సాగి, వేలకొలది జనులు చెరసాలల కేగిన పిమ్మట 1947లో స్వాతంత్ర్యము వచ్చెను. హిందూపురమున జన్మించిన కల్లూరు సుబ్బారావుగారు కారాగారవాస మనుభవించి, రాజ్యాంగసభలో సభ్యులైరి. మన్రో శిస్తు విధించిన సీమలోని పుత్రుడే శాసనకర్తలలో నొకడయ్యెను. అధికారభారమును వహించుటచేతనే ప్రజలు దానికి దగినవారగుదురని యీ చరిత్ర మనకు దెలుపుచున్నది.